పెట్టె మీది తెలుగు కాగితం

"మీకు తెలుగు వచ్చా?" అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వెంటనే జవాబు చెప్పను. మాట్లాడటమా, చదవడమా, ఏది అడుగుతున్నారో తేల్చుకుని అప్పుడు చెబుతాను. అవతలివాళ్ళు నన్ను చాదస్తపు మనిషి అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ ప్రశ్నకు ఒకసారి ఎగిరి గంతేసినట్టు "వచ్చు సార్" అన్నాను. దాని ఫలితం ఇంకా అనుభవిస్తూనే ఉన్నాను.

డెబ్బైల నాటి మాట. మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్‌గా చేసేదాన్ని. మాది నిజామాబాద్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ధర్మాబాద్ వైపు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మా బాపు, అంటే నాన్న, దాచుకున్న పాత భూమి కాగితాలు ఉర్దూ. మూడు భాషల్లోనూ పోట్లాడగలను. చదవడం, రాయడం మాత్రం మరాఠీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా మా బడి గుమ్మం తొక్కలేదు. అది లోటని మాకెవరికీ తోచనూ లేదు. నిజామాబాద్ నుంచి వచ్చే బస్సు మీద గుండ్రంగుండ్రంగా ఏదో రాసి ఉండేది. ఆ బస్సు ఎటు పోతుందో అందరికీ తెలుసు కాబట్టి దాన్ని చదవాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆయన గదిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, దాని నిండా దుమ్ము, నిద్ర లేని కళ్ళు. కోస్తా జిల్లాల మనిషి. పై వాతావరణం మీద పరిశోధన చేస్తారు. ఇల్లంత ప్లాస్టిక్ బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, దాని కింద ఒక పెట్టె కట్టి, విమానాలు కూడా అందుకోలేనంత ఎత్తుకు పంపుతారట. అక్కడి నుంచి పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. ఈసారి పైన గాలి అనుకున్నదానికంటే ఎక్కువ లాగేసి, నిజామాబాద్ జిల్లాలో పడాల్సింది సరిహద్దు దాటి మా వైపు వచ్చి పడింది.

పెట్టెలో ఒక కెమెరా ఉంది. అది సూర్యకాంతిని రంగులుగా విడదీసి ఫిల్మ్ మీద పడేలా చేస్తుంది. పైకి పోతున్న కొద్దీ అతినీలలోహిత కాంతి ఎంత పెరుగుతోందో ఆ ఫిల్మ్‌లో చూసి, ఏ ఎత్తులో ఓజోన్ ఎంత ఉందో లెక్క కడతారు. రేడియోలో రావలసిన కొలతలు సగం దారిలోనే ఆగిపోయాయి. ఇక ఉన్నదంతా ఆ ఫిల్మ్ చుట్టలోనే. ఆయన ఆ కెమెరాను చేతులతో చేసుకున్నారు. మళ్ళీ ఇంకో బెలూన్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

పెట్టె ఎక్కడుందో తెలిసింది. కానీ అది దొరికిన రైతు ఇవ్వడం లేదు. ముందు రోజు శాస్త్రవేత్తగారి జీపు డ్రైవర్ వెళ్ళి అడిగితే ఏదో అన్నాడట. ఆ సరిహద్దు యాసలో మాటలు సగం కూడా అర్థం కాలేదట డ్రైవర్‌కు.

"ఈమెది ఆ వైపే. తెలుగే," అని ప్రిన్సిపాల్ మరాఠీలో నన్ను చూపించారు.

"మీకు తెలుగు వచ్చా?" అని ఆ శాస్త్రవేత్త ఆశగా అడిగారు.

"వచ్చు సార్."

అబద్ధమేమీ కాదు. పైగా ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత సంతోషమో! నాందేడ్‌లో నాతో చదివిన ఆడపిల్లలు నా మరాఠీలో తెలుగు యాస పట్టుకుని నవ్వేవాళ్ళు. హైదరాబాద్ పెళ్ళిళ్ళకు పోతే అక్కడివాళ్ళు నా "అచ్చిండు, పోయిండు"లకు నవ్వేవాళ్ళు. ఎటూ కాని ఆ తెలుగుకు మొదటిసారి ఒక పని దొరికింది. అదీ ఒక పరిశోధకుడి దగ్గర. గాల్వనోమీటర్ల దుమ్ము తుడిచీ తుడిచీ విసిగిపోయి ఉన్నాను. ఈ పెట్టె ఇప్పించానంటే నన్ను ఆయన తన దగ్గర చేర్చుకుంటారేమో అని జీపు ఎక్కకముందే ఊహించేసుకున్నాను. దారి పొడుగునా ఓజోన్ గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. పెట్టె మీద తెలుగులో సూచనలు రాసి అంటించామని కూడా చెప్పారు. తెలుగు జిల్లాల్లో పడుతుందని కదా అనుకున్నది. చివరికి పడింది కూడా తెలుగువాళ్ళ ఊళ్ళోనే కాబట్టి నయమైందని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నేనూ తల ఊపాను. చదువుకున్నదాన్ని, నా బుర్రకు కూడా అప్పుడు ఏమీ తట్టలేదు.

రైతు ముసలాయన. నీళ్ళు పారిన ఆయన చెరుకు తోటలో పెట్టె పడిందట. ఇంటి లోపల ఒక చెక్క పీట మీద పెట్టి, దానికి పసుపు కుంకుమ పెట్టి, పైన ఉతికిన ధోతి కప్పి ఉంచాడు. ధోతి తీశాడు. పెట్టె తళతళ మెరుస్తోంది. ఎక్కడా పగల్లేదు, సొట్ట పడలేదు. సారు ముఖం చూడాలి అప్పుడు. తప్పిపోయిన మనిషి కనబడ్డట్టే ఉంది.

ముసలాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఎవలి బిడ్డవే నువ్వు?" అన్నాడు.

మా ఊరి పేరు చెప్పాను.

"అరె! మీ ఊరికి మా అక్కనిచ్చినం గద. అయితే మన పిల్లవే!" అని పక్కనున్న కోడలితో, "నీళ్ళు దే, మన పిల్ల అచ్చింది," అన్నాడు. అప్పటికే వాకిట్లో జనం చేరారు.

పెట్టె ఎందుకు ఇవ్వలేదని అడిగాను. ఆయన పెట్టె మీద అంటించి ఉన్న కాగితం మీద అరచేయి ఆనించాడు.

"ఇయ్యనని ఎవలన్నరు బిడ్డా? గీ కాగితం మన మాటల ఉన్నదట. నిజామాబాద్ బస్సు మీద గిట్లనే గుండ్రంగ రాసుంటది. నిజాం జమానాల ఉర్దూ కాగజ్ అచ్చేది. ఇప్పుడు మరాఠీ కాగజ్ అస్తది. అన్నీ ఏదో ఒకటి అడగనీకే అస్తయి. మన మాటల కాగితం నా ఇంటికచ్చుడు నా జిందగీల గిదే మొదలు. అది గూడ ఆకాశంలకెళ్ళి అచ్చింది. ఏమన్నదో ఇనకుండ ఎట్లియ్యాలె? ఊళ్ళ ఒక్కనికి రాదాయె. సదివి సెప్పుండ్రి, తీస్కపోండ్రి."

సారు నవ్వి, "అది రాసింది నేనేనండీ. నేను చదివి వినిపిస్తాను," అన్నారు.

"మీరు రాసినోళ్ళు సార్, మీరేమన్న సదువుతరు. మన పిల్ల సదవాలె."

వాకిట్లో అందరూ నవ్వారు. సారు కూడా నవ్వుతూ నాకు దారి ఇచ్చి పక్కకు జరిగారు. నేను పెట్టె ముందు కూర్చున్నాను. నాకెదురుగా ఏడెనిమిది వరుసల గుండ్రటి అక్షరాలు. ఒక్కటంటే ఒక్కటి తెలియదు. అది నా భాష. నేను కలలు కనే భాష, దెబ్బ తగిలితే "అవ్వా" అని అరిచే భాష. దాని ముఖం చూడటం నాకదే మొదటిసారి అన్నట్టుంది. చీర కొంగు వేళ్ళకు చుట్టుకున్నాను.

"సదువు బిడ్డా," అన్నాడు ముసలాయన. ఆ గొంతులో తొందర లేదు, సంబరమే ఉంది.

నేను సారు వైపు వంగి, ఇంగ్లీషులో, నాకు తెలుగు చదవడం రాదని చెప్పాను. ఆయన ముఖంలో ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు రెండు రంగులు మారాయి. నేనింకా నేలలోకి కుంగిపోయాను. మంచి మనిషి. "ఫర్వాలేదు. నేను మెల్లిగా చెబుతాను. మీరు పైకి అనండి," అని నా వెనక పీట లాక్కుని కూర్చున్నారు.

వరుసల మీద వేలు పెట్టాను. చెవిలో పడ్డది పడ్డట్టు నోట పలికాను.

"ఇది వాతావరణ పరిశోధనకు సంబంధించిన పరికరము. ఇందులో ప్రమాదకరమైన వస్తువులేమియు లేవు."

"గిదేం తెలుగు?" అని ఎవరో వాకిట్లోంచి అన్నారు.

ముసలాయన గసిరాడు. "సప్పుడు చెయ్యకుండ్రి! కాగితం మాట గట్లనే ఉంటది."

కళ్ళు మూసుకుని వింటున్నాడు. ప్రతి వాక్యానికీ తల ఊపుతున్నాడు. "పెట్టెను తెరవరాదు" అన్నప్పుడు, "తెరవలే," అన్నాడు. "ఎండలో ఉంచరాదు" అన్నప్పుడు, "నీడకే వెట్టిన," అని గర్వంగా జనం వైపు చూశాడు. కాగితం ఆయన్ని మెచ్చుకుంటున్నట్టే ఉంది. నాకూ ధైర్యం వచ్చింది. గొంతు పెంచాను.

"పెట్టెను ఎట్టి పరిస్థితిలోను నీటితో తడపరాదు. నీళ్ళు తగిలినచో లోపలి ఫిల్మ్ పూర్తిగా పాడగును."

కోడలు చేతిలో చెంబుతో అలాగే ఆగిపోయింది. "అయ్యో మామా," అంది, "బాయికాడ గంగాళమెడు నీళ్ళు పోసి కడిగితిమి గద. బురద పోవాల్నని నువ్వే కడగమంటివి."

నా వెనక సారు గుసగుస ఆగిపోయింది.

చదువొచ్చిన మనిషి కళ్ళు నోటికంటే ఒక వరుస ముందు పోతాయి. నాకే చదవడం వచ్చి ఉంటే ఆ వరుస నోటి దాకా రాకముందే కంట్లో పడేది. చెరుకు మడిలో పడిన పెట్టె ఇంత తళతళా ఎందుకుందో తట్టేది. నోరు మూసుకునేదాన్ని. ఆ ముక్క దాటేసి, "దయచేసి అప్పగించండి, మీకు ధన్యవాదాలు" అని ముగించేదాన్ని. ఊరంతటి ముందు ఆ ముసలాయన పరువు నిలబడేది. ఫిల్మ్ ఎలాగూ పోయింది, అది నేను దక్కించలేను. ఆయన ముఖాన్ని మాత్రం దక్కించగలిగేదాన్ని. చెవి నుంచి నోటికి మోసే మనిషికి మధ్యలో ఆగే వీలుండదు. మాట నా నోటి నుంచి బయటికి వచ్చాకే దాని అర్థం నాకు తెలిసింది.

సారు లేచి పెట్టెను కొంచెం వంచి చూశారు. మూల నుంచి నీళ్ళు సన్నగా ధారకట్టి మట్టి నేల మీద పడ్డాయి. ఆయన పెట్టెను మళ్ళీ నిలబెట్టి, అదేమీ చూడనట్టే, "మీ తప్పేమీ లేదు పెద్దాయనా. ఎంత జాగ్రత్తగా పెట్టారో," అన్నారు. తర్వాత హైదరాబాద్‌లో ఆ ఫిల్మ్ మీద ఏమీ మిగల్లేదని ప్రిన్సిపాల్ ద్వారా తెలిసింది. అప్పటికి ఆ సంగతి మాకు ఖాయంగా తెలియదు. అయినా ఆ నీళ్ళు చూసినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముసలాయన ఆ మాటలు వినిపించుకోలేదు. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాగితం వైపే చూస్తున్నాడు.

"నీళ్ళు అన్న మాట యాడున్నది బిడ్డా?" అన్నాడు. "వేలు వెట్టి సూపెట్టు. ఎట్లుంటదో సూస్త."

కోపం లేదు ఆ గొంతులో. తనకు ఇంత పని చేసిన మాట ఏదో చూసుకుందామని అడిగాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. రాదు అనడానికి అదే సమయం. ఆ రెండు అక్షరాల మాట ఎందుకు రాలేదో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన "మన పిల్ల" అన్నాడు కాబట్టి అనుకుంటాను. నా వేలు కాగితం మీద ఎక్కడో మధ్యలో ఒక గుండ్రటి అక్షరాల గుంపు మీద ఆగింది.

సారుకు నేను చేస్తున్నది తెలుసు. కానీ తన కళ్ళ ముందు ఒక ముసలాయనకు తప్పు అక్షరాలు చూపించడం ఆయనకు చేతకాలేదనుకుంటాను. మెల్లిగా వంగి, నా వేలికి రెండు వరుసల కింద తన వేలు పెట్టారు.

ముసలాయన ఆయన వేలు చూశాడు. నా వేలు చూశాడు. రెంటి మధ్య ఉన్న జాగాను కూడా కాసేపు చూశాడు. తర్వాత నా ముఖంలోకి చూడకుండా లేచి, పెట్టె ఎత్తడానికి తనే ఒక పక్క పట్టాడు.

జీపు దాకా ఆయనే మోశాడు. ఇనాము ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సారుతో మాత్రం, "సార్, మల్ల పెట్టె పంపితే మరాఠీల రాయుండ్రి. మా ఊళ్ళ గది సదివేటోళ్ళు ఉన్నరు," అన్నాడు. సారు అలాగే అన్నారు. నేను జీపులో వెనక ఎక్కి కూర్చున్నాను. ఎటు చూడాలో తెలియక నా చెప్పుల వైపు చూసుకుంటున్నాను.

ఆయన నా పక్కకు వచ్చాడు. మరాఠీ బడిలో పంతులమ్మతో మాట్లాడినంత మర్యాదగా, "సాంభాళూన్ జా, బాయి," అన్నాడు. జాగ్రత్తగా వెళ్ళండమ్మా అని, మరాఠీలో.

"పోయస్త పెద్దబాపూ" అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. ఆయన ఆ పిలుపు తీసుకోడేమోనని భయం వేసింది.

నేనూ మరాఠీలోనే, "హో, కాకా," అన్నాను.