ట్రయల్‌కి వచ్చినవాళ్ళు

మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. "అమ్మగారూ, ఆ నల్లకారు ఇంకా ఉందాండీ?" అని ఎవరో ఒకతను అడిగాడు. అది అమ్మేసి ఏడాది కావస్తోంది. మా మరిది ఫోనులో పెట్టిన ప్రకటన తీసెయ్యడం మరిచిపోయాడు, నేనూ గుర్తు చెయ్యలేదు. "అమ్మేశానండీ" అని ఊరుకోవచ్చు కదా! ఏ ఊరు బాబూ అన్నాను. పాలకొల్లు అన్నాడు. అక్కడ వానలు పడుతున్నాయా అన్నాను. పాపం, వానల సంగతి కూడా ఓపిగ్గా చెప్పి, "ఉంటానండీ మరి" అని పెట్టేశాడు.

ఆ కారు మావారి ప్రాణం. జర్మనీ బండి, ఓ రైసుమిల్లు యజమాని కొన్నాళ్ళు వాడుకుని అమ్మితే కొన్నారు. మాకు పిల్లలు లేరు, ముద్దుముచ్చట్లన్నీ దానికే జరిగాయి. చెప్పులు విప్పి ఎక్కాలి. పనసతొనలకు డిక్కీలో కూడా చోటు లేదు. కోనసీమలో పెళ్ళికి వెళితే, కాయ ఎక్కడ పడుతుందోనని కొబ్బరిచెట్టు లేని చోటు వెతుక్కుంటూ ఊరి చివరికంటా పోయి ఆపేవారు. పట్టుచీరతో నేను అక్కణ్ణుంచి నడిచేదాన్ని. వాన పడితే అసలు బయటికే తీసేవారు కాదు. గొడుగేసుకుని ఆటో కోసం నిలబడి, షెడ్డులో పొడిపొడిగా ఉన్న దాన్ని చూసి, సవతిపోరంటే ఇదే కాబోలు అనుకునేదాన్ని. వాన లేని సాయంత్రాలు మాత్రం నన్ను ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ధవళేశ్వరం బ్యారేజీ దాకా తిప్పుకొచ్చేవారు.

ఆయన పోయారు. పెద్దకర్మ అయ్యాక పలకరించేవాళ్ళు పల్చబడ్డారు. గోదావరి గట్టు మా ఇంటికి కూతవేటు దూరమే అయినా నెలల తరబడి నీళ్ళు చూడలేదు. "నిలబెడితే పాడైపోద్ది వదినా, అమ్మేద్దాం" అన్నాడు మరిది. మొదట భీమవరం నుంచి రొయ్యల చెరువులున్న ఆసామి వచ్చాడు. "ట్రయల్‌కి మీరూ రండమ్మా, బండి సంగతులు చెబుదురుగాని" అన్నాడు. ముందుసీట్లో కూర్చున్నాను. బ్యారేజీ దాకా వెళ్ళాం. గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. ఆ సాయంత్రం నాకొకటి అర్థమైంది. బండి ఉన్నన్నాళ్ళూ మనుషులు వస్తారు. అమ్మిన మర్నాటి నుంచి రారు.

అంచేత ప్రతి బేరానికీ ఓ వంక పెట్టాను. ఒకాయన కిళ్ళీ నములుతున్నాడు. ఒకాయన అయినదానికీ కానిదానికీ హారన్ కొట్టాడు. యానాం నుంచి వచ్చినతను డిక్కీనే పట్టిపట్టి చూశాడు, మందు సీసాలు మోయించడానికే అనుకున్నాను. అందరితోనూ బ్యారేజీ దాకా వెళ్ళాను, అందరికీ కాఫీ ఇచ్చాను, ఎవరికీ కారు ఇవ్వలేదు. "కారు అమ్ముతున్నారా వదినా, స్వయంవరం పెట్టారా?" అన్నాడు మరిది.

చివరికి రాజోలు వైపు నుంచి, మిషన్ బడిలో చేసి రిటైరైన మాస్టారొకరు వాళ్ళమ్మగారితో వచ్చారు. ఆవిడకు తుంటినొప్పి, ఆటో ఎక్కలేని మనిషి. చర్చికి వెళ్ళడానికి మెత్తని సీటు కావాలి. నేను ఆవిడ పక్కన వెనకసీట్లో కూర్చున్నాను. దారంతా కారు గురించి ఒక్క మాట లేదు. ఏం వండుకున్నావు, ఎవరొస్తూ ఉంటారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఇవే ప్రశ్నలు. తిరిగొచ్చాక మాస్టారు, "బేరానికి ముందు ప్రార్థన చేసుకుంటామండీ" అన్నారు. పెద్దావిడ ఒక చెయ్యి బానెట్ మీద వేసి, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"తండ్రీ, ఈ బండి మాకిచ్చినా నీకే స్తోత్రం, ఇవ్వకపోయినా నీకే స్తోత్రం. ఈ బిడ్డకి బండి అమ్మాలని లేదయ్యా. మనుషులు రావాలని ఉంది. ఒంటరిగా వదిలెయ్యకయ్యా."

నా గుట్టు నడివీధిలో, అదీ దేవుడి ముందు రట్టయింది. మాస్టారు "అమ్మా!" అని గొణిగారు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మావారు పోయాక "ఎలా ఉన్నావ్" అని అడిగినవాళ్ళున్నారు గానీ, ఒంటరి అన్న ఆ మాట నా ఎదుట పైకి అన్నవాళ్ళు లేరు. దుఃఖం పొంగుకొచ్చింది. రోజూ అన్నవరం స్వామి పటానికి దణ్ణం పెట్టుకునే మనిషిని, "ఆమెన్" అన్నాను. తాళాలు తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టాను.

"ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరి నాలుగింటికల్లా వస్తామమ్మా, నిన్ను తిప్పుతాం" అని చెప్పి వెళ్ళింది ఆవిడ. అన్నట్టే వచ్చారు, ఒకసారి. ఆ తరవాత ఆవిడ మంచం పట్టింది. ఫోను చేస్తే మాస్టారు, "వస్తామండీ, తప్పకుండా వస్తాం" అంటారు. అబద్ధమాడే మనిషి కాదు, వీలుపడటం లేదంతే. నేను మాత్రం ఆదివారం వచ్చిందంటే ఇస్త్రీచీర కట్టుకుని వరండాలో కూర్చుంటాను. వయసు మీదపడేకొద్దీ కాలం పరుగెడుతుందని అందరూ అంటారు గానీ, ఆదివారం నాలుగింటి నుంచి దీపాలవేళ దాకా ఉండే కాలాన్ని వాళ్ళెవరూ చూసినట్టు లేదు.