పోచమ్మ గద్దె మీద చినిగిన పొట్లం

మా చిన్నప్పుడు పోచమ్మను అడగకుండా బాపు ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు... బోరు వేయించాలన్నా, ఎడ్లు కొనాలన్నా, చివరికి ఎవరి పెళ్లికో పొరుగూరు పోవాలన్నా సరే, ముందు పోచమ్మ గుడికి నడవాల్సిందే.

అడగడమంటే పూలతో. తెల్ల గన్నేరు ఒకటి, ఎర్ర గన్నేరు ఒకటి. రెండింటినీ మోదుగ ఆకుల్లో ఒకే తీరుగా మడిచి, దారం చుట్టి గద్దె మీద పెట్టేవాడు. తెల్లది వస్తే చెయ్యమని, ఎర్రది వస్తే వద్దని. పొట్లం తీసేది మాత్రం చిన్నపిల్లలే... వాళ్లకు కపటం తెలియదట. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది.

ఎల్లారెడ్డి టౌను దగ్గర మా పల్లెలో నా చేతికి పెద్ద పేరు ఉండేది లెండి. నేను తెల్లది తీశాక వేసిన బోరులో నీళ్లు పడ్డాయి. ఇక చూడండి నా గొప్ప... పక్కింటివాళ్లు కూడా నన్నే పిలుచుకుపోయేవాళ్లు. పోచమ్మకు నేనేదో దగ్గరి చుట్టాన్నన్నట్టు బడిలో ఎగిరెగిరి పడేదాన్ని.

"అన్నీ తెలిసిన తల్లివి, ఏదైనా చేయగల తల్లివి" అని బాపు దండం పెట్టేవాడు. నాకేమో అప్పుడే ఒక అనుమానం... అన్నీ ముందే తెలిస్తే, నేను ఏ పొట్లం తీస్తానో కూడా ఆమెకు తెలుసు కదా. మరి చివరి నిమిషంలో ఆమె మనసు మార్చుకుంటే? మార్చుకుంటే ముందు తెలిసింది తప్పయిపోతుంది. మార్చుకోలేకపోతే ఏదైనా చేయగల తల్లి ఎలా అవుతుంది? బాపును అడిగాను. నెత్తి మీద ఒకటి ఇచ్చి, అట్లా అడిగితే కళ్లు పోతాయన్నాడు.

నాకు ఎనిమిదేళ్లు. తమ్ముడు శీనుకు నాలుగు. నాట్లు పడుతున్న రోజులు... వాడికి జ్వరం పట్టుకుని ఐదు రోజులైనా దిగలేదు. ఊళ్లో సూదులు వేసే డాక్టరు, ఇక తన వల్ల కాదు, కామారెడ్డి దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. మా అమ్మ... మేము అవ్వ అనేవాళ్లం... అప్పటికే బట్టలు సంచిలో పెట్టింది. బాపు మాత్రం గన్నేరు పూలు కోసుకొచ్చాడు.

గుడి ముందు అవ్వ నా వెనకాల నిలబడింది. శీను ఆమె భుజం మీద వాలిపోయి ఉన్నాడు. బాపు కళ్లు మూసుకుని ఏదో మొక్కుతున్నాడు. గద్దె మీద రెండు పొట్లాలు... ఒకదాని ఆకు మడత దగ్గర చినిగింది. అందులోంచి ఎర్ర రేక కొస కనబడుతోంది. నేను చూశాను.

కామారెడ్డికి పోతే వాడితో అవ్వ పోతుంది. ఎన్ని రోజులు ఉంటుందో ఏమో. నన్ను మేనత్త ఇంట్లో వదిలేస్తారు... అవ్వ లేకుండా ఒక్క పూట కూడా ఉండలేని పిల్లను నేను. అదొక్కటే అనుకున్నాను. వాడికి ఏమవుతుందో అన్నది నాకు తట్టనే లేదు... ఒట్టు.

చినిగిన పొట్లమే తీశాను.

బాపు విప్పి చూసి, తల్లి వద్దంటోందన్నాడు. సంచి మళ్లీ ఇంట్లోకి పోయింది. మూడో రోజు పొద్దున బాపుకే భయం వేసి ఎల్లారెడ్డికి పోయి ఆటో మాట్లాడుకొచ్చాడు. ఆటో మా వాకిట్లోకి వచ్చేసరికి శీను లేడు.

రాసిపెట్టి ఉందన్నారు అందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నేను దొంగచూపు చూస్తానని పోచమ్మకు తెలుసు... తెలిసి, ఆపగలిగి కూడా ఆపలేదంటే ఆమెను ఏమనాలి? ఆపలేకపోయిందంటే ఇంకా దండాలు ఎందుకు? అసలు తెలియనే తెలియదంటే ఆ గద్దె మీద ఎవరున్నట్టు? కాలేజీలో ఒకసారి ఇద్దరు లెక్చరర్లు ఇదే విషయం మీద గంటసేపు నవ్వుకుంటూ వాదించుకున్నారు. నాకు శీను మొహం కనబడి మధ్యలోనే లేచి వచ్చేశాను.

బాపు పోయాక అవ్వ నా దగ్గరే, కామారెడ్డిలోనే ఉంటోంది. అప్పుడు పోవాల్సిన దవాఖాన ఇప్పుడు మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. ఎందుకో ఇక దాచలేకపోయాను.

"అవ్వా... ఆ రోజు ఆకు చినిగి ఉండె. లోపల ఎర్రది కనబడ్డది. తెలిసే తీసిన."

అవ్వ చెయ్యి ఆగలేదు.

"నాకెరుకే బిడ్డా. నువ్వు చూస్తుంటే నేను చూసిన."

ముప్పై ఏళ్లుగా ఈ బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను... ఒక్క మాట అంటే బాపు మళ్లీ కొత్త ఆకులు తెచ్చి కట్టేవాడు కదా. కోపం వచ్చింది, అబద్ధమెందుకు. అవ్వ మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

అవ్వ చేట పక్కన పెట్టింది.

"తల్లి చూస్తలేదా... ఆమెనే ఆపుతది అనుకున్న."

ఇప్పుడు మా వీధిలో పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే చాలు, బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు పరుగెత్తుతారు. ఎవరినీ ఏమీ అడగరు. వాళ్లను చూసినప్పుడల్లా సంతోషమే... కానీ ఆలస్యంగా మా వాకిట్లోకి వచ్చిన ఆ ఆటో గుర్తొస్తుంది. మీ ఇళ్లలో కూడా దేవుడే చూసుకుంటాడని ఎవరూ నోరు విప్పని రోజు ఏదైనా ఉందా? ఉంటే రాయండి, చదువుతాను.

దేవుడి సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు గుడి ముందు మాత్రం తెలిసినవాళ్లం, ఆపగలిగినవాళ్లం ఇద్దరం ఉన్నాం.