డ్రైవర్ కాఫీ

ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపిన మనిషికి ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాదు. డ్రైవరు దాన్ని నేర్చుకోక తప్పలేదు.

పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనబడటం మానేసి ఏడాది దాటినా అతను ఎవరికీ చెప్పలేదు. మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ బండి లాగించేశాడు. మెడ పట్టేసిందనుకుని భార్య రోజూ మందు రాసేది. చివరికి ఒకరోజు డిపో గేటు స్తంభానికే బస్సు తగిలించాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అద్దం ఒకటి ఊడి పడింది. ఆ వంకతో కంటి పరీక్షకు పంపారు.

"నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపల నరం దెబ్బతింది. పోయిన చూపు తిరిగి రాదండీ, ఉన్నది కాపాడుకోవాలి" అన్నాడు డాక్టరు. రోజుకు మూడుసార్లు చుక్కల మందు వేసుకోవాలి, బరువులు ఎత్తకూడదు, కాఫీ మానెయ్యాలి.

మొదటి రెండింటికీ బుద్ధిగా తలూపిన డ్రైవరు మూడోదానికి మాత్రం "కాఫీ కూడానా?" అన్నాడు.

ఉద్యోగం పోయింది. భార్యకు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. పొద్దున్న ఆరున్నరకు వెళ్తే సాయంత్రం నాలుగింటికి వచ్చేది. ఈ మధ్యలో డ్రైవరు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కింద వినబడే బస్సుల్ని లెక్కపెట్టేవాడు. గేరు మార్చే చప్పుడు విని, "వీడెవడో కొత్తవాడు, క్లచ్చి కాల్చేస్తున్నాడు" అని తనలో తాను తిట్టుకునేవాడు. రెండు నెలలు పోయేసరికి వంటింట్లో డబ్బాలన్నీ సర్ది, సర్దినవాటిని మళ్ళీ సర్దాడు. ఉప్పు ఎక్కడుందో, చక్కెర ఎక్కడుందో తెలియక భార్య ఒకరోజు నెత్తి బాదుకుంది.

అప్పుడు వచ్చాడు క్యాంటీను బావ. అసలు చుట్టరికమేమీ లేదు, డిపో క్యాంటీను నడిపే అతను కనబడ్డ ప్రతివాణ్ణీ బావా అని పిలుస్తాడు గనుక అందరూ అతన్ని అలాగే పిలిచేవాళ్ళు. క్యాంటీను వేరేవాళ్ళ చేతికి పోయిందట, వాళ్ళు పొడి బయటినుంచే తెప్పిస్తారట. ఇన్నాళ్ళూ తను గింజలు వేయించిన ఇనపడ్రమ్ము మూల పడి ఉందట.

"తుప్పుపట్టి పోయే బదులు నువ్వు తిప్పుకో బావా. ఇది కూడా స్టీరింగు లాంటిదే" అన్నాడు.

డ్రమ్మంటే పెద్ద పాలక్యాను పొడుగున్న ఇనపగొట్టం. అడ్డంగా స్టాండు మీద పెట్టి, కింద గ్యాసు మంట వెలిగించి, పక్కనున్న పిడి పట్టుకుని తిప్పుతూ ఉండాలి. క్యాంటీను బావ వారం రోజులు వచ్చి నేర్పాడు. పచ్చిగింజలు ముందు పసుపు తిరుగుతాయి, అప్పుడు తడిగడ్డి వాసన. తర్వాత గోధుమరంగులోకి వస్తూ టప్ టప్ మని పేలతాయి. ఆ పేలుడు ఆగి, రెండోసారి చిటపట సన్నగా మొదలవగానే దించెయ్యాలి. దించిన వెంటనే జల్లెడలో పోసి విసరాలి, లేకపోతే తమ వేడికి తామే మాడిపోతాయి.

"రంగు చూడు, చప్పుడు విను, వాసన పట్టు. మూడింట్లో ఏ రెండు కుదిరినా చాలు" అన్నాడు క్యాంటీను బావ.

అప్పటికి డ్రైవరుకు ఎదురుగా ఉన్నది బాగానే కనబడేది. పక్కలే పోయాయి. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. దించిన గింజల్ని మరలో పట్టి, కాస్త కాచి, చెంచాడు నోట్లో వేసుకుని పుక్కిలించి ఉమ్మేసేవాడు. ఆ చెంచాడు కూడా భార్య కంటపడింది.

"డాక్టరు ఏం చెప్పాడు, మీరు చేస్తున్నదేంటి? ఇంకోసారి నోట పెట్టారంటే నా మీద ఒట్టే" అంది.

"ఉమ్మేస్తున్నానే, మింగట్లేదు."

"ఉమ్మేసేవాళ్ళ మొహం ఇంత వెలిగిపోదు."

నవ్వొచ్చినా అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి తను వేయించిన కాఫీ ఎలా ఉందో పక్కవాళ్ళ నోట వినడమే.

మొదట కొన్నది మేడ కింద దుకాణంలో ఉండే దర్జీ. పేరు పెట్టింది కూడా అతనే. "డ్రైవర్ కాఫీ అని పెట్టండి. తాగినవాడు బ్రేకు లేకుండా పోతాడు" అన్నాడు. అదే పేరు చీటీల మీద అచ్చు వేయించారు. వీధి చివరి బడిలో టీచర్లు తీసుకున్నారు, కరెంటాఫీసులో గుమాస్తాలు తీసుకున్నారు. వారానికి పదీ పన్నెండు ప్యాకెట్లు పోయేవి. డ్రైవరు ప్యాకెట్ల మూతులు తనే దారంతో కట్టి, రెండు ముళ్ళు వేసి, సంచీలో పేర్చి ఇచ్చేవాడు. భార్య పనికి వెళ్తూ తీసుకెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చేది. సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

"ఏమన్నారు?"

"బావుందన్నారండీ."

"ఊరికే బావుందంటే? కరెంటాఫీసు పెద్దాయన ఏమన్నాడు?"

"చాలా బావుందన్నాడు. మొహం కడుక్కోనిస్తారా?"

ఆ వేసవి గడిచేసరికి ఎదురుగా ఉన్నది కూడా మసకబారసాగింది. గోధుమరంగుకూ ముదురురంగుకూ తేడా తెలియడం కష్టమైంది. డ్రైవరు గింజల్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కంటికి ఆనించుకుని చూసేవాడు. అంతలో డ్రమ్ములోవి ముదిరిపోయేవి. చెవుల మీద ఆధారపడదామంటే ఇరవై ఆరేళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవులాయె. మొదటి టపటపలు వినబడేవి గానీ రెండోసారి వచ్చే సన్నటి చిటపట అందేది కాదు. ఇక ముక్కే మిగిలింది. మూసిన వంటింట్లో పొగ మధ్య పావుగంట నిలబడితే ముక్కూ మొద్దుబారిపోయేది. అయినా, 'ఇన్నాళ్ళ చెయ్యి, అదే చెబుతుంది' అనుకునేవాడు. సాయంత్రం భార్య తెచ్చే కబురు కూడా ఎప్పటిలాగే ఉండేది. బావుందన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం చొక్కా గుండీ ఊడితే డ్రైవరు గోడ పట్టుకుని మెట్లు దిగి దర్జీ దగ్గరికి వెళ్ళాడు. దర్జీ గుండీ కుడుతుండగా, ఊరినుంచి వచ్చిన దర్జీ అత్తగారు లోపలినుంచి రెండు కప్పులు తెచ్చి, ఒకటి డ్రైవరు చేతికిచ్చింది.

"అయ్యో, ఆయన తాగకూడదు అత్తయ్యా" అంటూ దర్జీ చటుక్కున చెయ్యి చాపాడు.

"ఒక్క గుక్కేలే" అన్నాడు డ్రైవరు. "ఏడాదిన్నరైంది. మా కాఫీయేగా?"

డ్రైవరు ఒక గుక్క తాగాడు. నాలిక మీద చిక్కటి, తియ్యటి చేదు అంటుకుంది. చికోరీ. బజారు పొడిలో సగానికి సగం కలిపే వేరుపొడి. అతను ఏనాడూ చిటికెడు కూడా కలపలేదు. ఇంకో గుక్క తాగాడు. కప్పు జాగ్రత్తగా బల్ల అంచు వెతుక్కుని పెట్టాడు.

"ఇది నాది కాదు" అన్నాడు.

"మీ ప్యాకెట్టేనండీ..."

"ప్యాకెట్టు నాదే. పొడి నాది కాదు."

దర్జీ చేతిలో సూది ఆగిపోయింది. "వదినకి మాటిచ్చాను అన్నా. చెప్పనని" అన్నాడు. ఎప్పుడూ డ్రైవరు గారూ అనేవాడు, ఆ రోజు అన్నా అన్నాడు.

"ఇంకా ఎవరెవరికి తెలుసు?"

దర్జీ తల దించుకుని గుండీ దారం పంటితో కొరికాడు.

"అందరికీనా?"

"మంచి మనసుతోనే తీసుకుంటున్నారు అన్నా. బజార్లో కొనుక్కునేది మీ ఇంట్లో కొనుక్కుంటున్నాం, అంతేగా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. డ్రైవరుకు తల కొట్టేసినట్టయింది. చొక్కా భుజం మీద వేసుకుని, బనీనుతోనే మెట్లెక్కి ఇంటికొచ్చాడు.

నాలుగింటికి భార్య వచ్చింది. ఎప్పటిలా "ఏమన్నారు?" అని అడగలేదు. ఆమె మొహం కడుక్కుని వచ్చి కూర్చునేదాకా ఆగాడు.

"నేను కట్టిచ్చిన ప్యాకెట్లు ఏం చేస్తున్నావ్?"

ఆమెకు అర్థమైపోయింది. బుకాయించలేదు. "ఆసుపత్రిలో బాయిలరు వెనక చెత్తకుండీ ఉంది" అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"అయిదు నెలలు. బడిలో టీచరమ్మ ప్యాకెట్టు తిప్పి ఇచ్చేసింది. బొగ్గు తాగినట్టుందండీ అంది. ఆ వారమే కరెంటాఫీసువాళ్ళు పచ్చివాసన అన్నారు. ఒకే డ్రమ్ములో కొన్ని మాడాయి, కొన్ని వేగనే లేదు. ఆ మాట మీకెలా చెప్పను? మొహం చెల్లలేదు. బజారు పొడి కొని మన ప్యాకెట్లలో పోశాను. తర్వాత వాళ్ళకీ తెలిసిపోయింది. తెలిసినా తీసుకున్నారు."

"నా ముళ్ళు విప్పి, మళ్ళీ కట్టి."

"ఊఁ. మీలాగే రెండు ముళ్ళు."

డ్రైవరు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "అయిదు నెలల్లో ఒక్కటి కూడా బాగా రాలేదా?"

ఆమె వెంటనే జవాబివ్వలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మొదట్లో విప్పి చూసేదాన్ని. ఒకటీ రెండూ బాగానే ఉండేవి. వాటిని ఇచ్చేదాన్ని కూడా. తర్వాత... పొద్దున్నే డ్యూటీకి టైము అయిపోతుంటే ఏం చూడను? చూడకుండానే పారబోసేశాను."

"చూడకుండానే?"

"మరేం చెయ్యమంటారు నన్ను?" అని ఆమె గొంతు పెంచింది. "పొద్దస్తమానం వేడి ఇస్త్రీల ముందు నిలబడి వస్తాను. ఇంటికొస్తే మీరు గుమ్మంలోనే ఏమన్నారు, ఏమన్నారు అని. బాగాలేదన్నారు అని చెప్పి, మళ్ళీ మిమ్మల్ని ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టమంటారా?"

అతనికి కోపం రావాలి, రాలేదు. పారబోసినవాటిలో మంచివి ఎన్ని ఉండి ఉంటాయి అన్నదొక్కటే మనసులో తిరుగుతోంది. అది ఇక ఎవరూ చెప్పలేరు.

రెండు రోజులు ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడుకున్నారు. మూడోరోజు ఆమే అంది. "ఆదివారం నాకు సెలవు. నేను పక్కన కూర్చుని రంగు చెబుతాను, మీరు తిప్పండి."

ఆదివారం పొద్దున్న డ్రమ్ము కింద మంట వెలిగించారు. ఆమె స్టూలు మీద కూర్చుని, చిన్న గరిటతో గింజలు నాలుగు తీసి చూస్తూ చెప్పింది.

"పసుపు. ఇప్పుడు ఇటుకరంగు. ఇప్పుడు... ఏమో, బెల్లం రంగు."

"లేత బెల్లమా, ముదురు బెల్లమా?"

"బెల్లం బెల్లమేనండీ!"

"సరిగ్గా చూడవే, చిటపట మొదలైందా?"

"మొదలైంది, మొదలైంది, దించండి!"

దించారు. విసిరారు. ఆమె కాచుకుని తాగి, కళ్ళు మూసుకుని, "ఇది బావుంది" అంది. అతను ఆ మాటను నమ్మాలో వద్దో తెలియక ఆమె వైపు మొహం తిప్పి నిలబడ్డాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళి దర్జీని పిలుచుకొచ్చింది. దర్జీ తాగాడు, నిజంగానే బావుందని తన తల్లి మీద ఒట్టేసి చెప్పాడు. నిజంగానే బావుంది కూడా.

కానీ ఆదివారాలు నెలకు నాలుగే. రెండోవారం ఆమెను సెలవు నాడు కూడా పనికి పిలిచారు. మూడోవారం స్టూలు మీద కూర్చుని, గరిట చేత్తో పట్టుకునే కునుకు తీసింది. డ్రైవరు "రంగు చెప్పు, రంగు చెప్పు" అంటూ తిప్పుతూనే ఉన్నాడు. పొగ కమ్మేశాక ఆమె ఉలిక్కిపడి లేచింది. ఆ రోజు గింజలు బొగ్గయ్యాయి. ఆమె ఏడ్చింది. అతను "పోనీలే" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే అరచేతి మీద లాండ్రీలో కాలిన మచ్చలు వేళ్ళకు తగిలాయి. అలాంటివి ఉన్నాయని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆ నెలాఖరున కంటి డాక్టరు యంత్రంలోకి చూసి పెదవి విరిచాడు. చూపు ఇంకా కుంచించుకుపోయిందన్నాడు. మంట దగ్గరికి ఒంటరిగా వెళ్ళొద్దన్నాడు. ఎంతకాలమని డ్రైవరు అడగలేదు, డాక్టరు చెప్పలేదు.

క్యాంటీను బావ బండి తెచ్చి డ్రమ్ము తీసుకెళ్ళాడు. మిగిలిన అరబస్తా పచ్చిగింజలు కూడా బండిలోనే వేశారు. వెళ్తూ ఏదో హాస్యం ఆడబోయి మానేసి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, "వస్తా బావా" అన్నాడు.

మర్నాడు భార్య పనికి వెళ్ళాక డ్రైవరు బక్కెట్లో సబ్బునీళ్ళు కలుపుకుని వంటింటి గోడ తోమడం మొదలుపెట్టాడు. డ్రమ్ము ఉన్నచోట గోడ నిలువెల్లా జిడ్డు పట్టి ఉంది. చేతికి తెలిసినంత మేర తోమాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ తోమాడు. మధ్యాహ్నం తిండి కూడా మరిచిపోయాడు. నాలుగింటికి ఆమె వచ్చేసరికి చొక్కా మోచేతులదాకా తడిసి ఉంది.

"మసి పోయిందా?" అన్నాడు.

"పోయిందండీ. తెల్లగా అయిపోయింది."

అతను గోడ మీద అరచెయ్యి ఆనించాడు. "నిజం చెప్పు" అన్నాడు.

ఆమె సంచీ కింద పెట్టి, దగ్గరికొచ్చి చూసింది.

"లేదు. అలాగే ఉంది. కొంచెం పాకింది కూడా."

"సరే" అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. మర్నాడు ఆరున్నరకు ఆమె వెళ్ళగానే అతను మళ్ళీ బక్కెట్టు వెతుక్కున్నాడు. చెయ్యడానికి వేరే పని లేదు.