ఆళ్లగడ్డకు గంటన్నర

దయ్యాలను నమ్మేవాణ్ణయితే ఈ సంగతి ఎప్పుడో చెప్పుకునేవాణ్ణి. నేను గడియారాన్ని నమ్మినవాణ్ణి. అందుకే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు.

1956లో నంద్యాలలో ఒక బస్సుల యజమాని దగ్గర గుమాస్తాగా ఉన్నాను. ఆళ్లగడ్డకు ఎంతసేపు పడుతుందని అడిగితే తలా ఒక మాట చెప్పేవారు. నిజమేదో తేల్చమని యజమాని నన్ను రెండు నెలలు రోజూ ఆ బస్సులో పంపాడు. బయలుదేరిన వేళ, దారి మధ్యలోని సిరివెళ్ల దాటిన వేళ, చేరిన వేళ రాసుకునేవాణ్ణి. చాలా రోజులు గంటన్నర. వాన పడితే, ఎడ్లబండ్లు అడ్డమొస్తే రెండు గంటలు. అంతకు మించింది ఒక్కరోజే.

ఆ రోజు ఒంటిగంట బస్సులో సుగుణమ్మ అనే టీచరు నా ముందు సీట్లో కూర్చుంది. ఆళ్లగడ్డలో తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందని కబురు అందిందట.

"రెండున్నరకు ఆడ ఉంటామమ్మా," అన్నాను. ధైర్యంగానే అన్నాను.

సిరివెళ్లలో రోడ్డు పక్క కొలిమి దగ్గర ఒకతను బండిచక్రం పనిలో ఉన్నాడు; ఊరు దాటాం. రాసుకున్నాను. రెండు పక్కలా జొన్నచేలు. కొంతసేపటికి మళ్లీ సిరివెళ్ల వచ్చింది. అదే కొలిమి, బండిచక్రానికి ఇనుప పట్టా వేస్తున్న అదే మనిషి. బస్సు ఎక్కడా వెనక్కి మళ్లలేదు.

డ్రైవరు కాశీం నా వైపు తిరిగి, "ఏందప్పా ఇది? దాటినాం కదా?" అన్నాడు.

చాలాసేపటికి మూడోసారీ అదే ఊరు. ఆ చక్రం పని ఇంకా ముగియలేదు.

ఒక రైతు లేచి, "దించప్పా, నడిచి పోతా," అన్నాడు.

"ఆపితే మళ్లా కదలదేమోనని భయమైతాంది. కూసో," అన్నాడు కాశీం.

చొక్కా తడిసి సీటుకు అంటుకుంది. సుగుణమ్మ కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.  

నాలుగోసారి ఆ ఊరు రాలేదు; ఆళ్లగడ్డ చేరేసరికి నా గడియారంలో నాలుగున్నర. కాశీం చేతి గడియారంలోనూ అంతే. బస్సులు ఆగేచోట గోడ గడియారంలో మాత్రం రెండున్నర. దిగినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా వెళ్లిపోయారు. సుగుణమ్మ పరుగెత్తింది.

మరుసటి రోజు వాళ్లింటికి వెళ్లాను. తండ్రి ఆమె చేతిలో చెయ్యి పెట్టి మూడింటికి పోయాడట. ఆమె ఏడ్చి ఏడ్చి పడుకుని ఉంది, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదన్నారు. తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్క వచ్చేముందు నాయన కండ్లు మూసుకోనే, 'సిరివెళ్లకాడ్నే తిరుగుతాండావేమే, రా పాపా' అనె. మూడు మాట్లు అనె. ఏం జరిగిందప్పా దారిలో?"

 తర్వాత కాశీం, నేను ఎన్నో ఏళ్లు దీని గురించే మళ్లీ మళ్లీ మాట్లాడుకున్నాం. మంచం దిగలేని ఆ ముసలాయన మా బస్సును ఎక్కణ్ణుంచి చూశాడో నాకు ఇప్పటికీ తెలియదు.