మా హాస్టల్‌కి ఆరోగ్యం వచ్చిన నెల

అశోక్‌నగర్‌లో మేముండే ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆంటీ ఒకరోజు బర్కత్‌పురలో ఆరోగ్యం మీద ఎవరిదో ప్రసంగం విని వచ్చింది. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చాక మాత్రం వంటింట్లో బియ్యం బస్తా వైపు దొంగను చూసినట్టు చూసింది.

"రేపటి సంది తెల్లన్నం బంద్. అది విషం, బేటా. అందరం కొర్రలు తిందాం," అంది.

మేమంతా జిల్లాల నుంచి గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి వచ్చినవాళ్లం. విషమని తెలియక ఇన్నాళ్లూ మారు అడిగి మరీ తిన్నాం. మర్నాడు కొర్రలు వచ్చాయి. నానబెట్టకుండా వండారేమో, పైకి ముద్దగా, నోట్లో పెడితే ఇసుకలా ఉన్నాయి. పక్కన చప్పటి సొరకాయ కూర, కీర ముక్కలు. ఉప్పు కూడా విషమేనట.

ఆ వారం నేను చదువుతున్న పాఠం ఆహార భద్రత. అందరికీ, అన్నివేళలా, సరిపడా, పోషకాలున్న తిండి అందుబాటులో ఉండటం అని నిర్వచనం. బట్టీ పడుతుంటే కడుపు గురగురమనేది. సాయంత్రం కాగానే స్టడీ హాల్ సగం ఖాళీ. అందరం చిక్కడపల్లిలో మిర్చి బజ్జీల బండి దగ్గర తేలేవాళ్లం. ఆరోగ్యం మొదలయ్యాక తిన్నన్ని బజ్జీలు అంతకుముందెన్నడూ తినలేదు.

నా రూమ్మేట్‌ది నారాయణపేట వైపు పల్లె. జొన్నరొట్టె తిని పెరిగిన పిల్ల. కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి ఆంటీ దగ్గరికి వెళ్లింది.

"ఆంటీ, కొర్రలు మంచియే. గానీ మనకు వండ వస్తలేదు. మా అమ్మ జొన్నపిండి పంపింది. ఆదివారం నేను రొట్టెలు చేస్త."

"జొన్నలు హెల్తీయేనా?"

"మా అవ్వ ఇప్పటికీ చేన్ల కలుపు తీస్తది."

ఆదివారం ఇద్దరం నారాయణగూడ వెళ్లి చుక్కకూర తెచ్చాం. ఆమె వేడినీళ్లతో పిండి కలిపి చేత్తో రొట్టె కొడుతుంటే, ఆ చప్పుడికి పై అంతస్తుల వాళ్లు కూడా దిగొచ్చారు. చుక్కకూర పప్పు, ఎల్లిపాయ కారం. ఆంటీ ముందు రుచి చూస్తానంది. తర్వాత కుర్చీ లాక్కుంది. మూడో రొట్టెకి, "పప్పుల జర ఉప్పెయ్," అంది.

మర్నాడు గేటుకి ఫ్లెక్సీ వెలిసింది. "ఇచ్చట స్వచ్ఛమైన ఆర్గానిక్ మిల్లెట్ భోజనం." కింద ఆదివారం భోజనాల దగ్గర తీసిన ఫొటో, అందులో నవ్వుతున్న ఆంటీ. ఆమెకు రొట్టె అందిస్తున్న చెయ్యి నా రూమ్మేట్‌ది. మనిషిని మోచేతి దగ్గర కత్తిరించేశారు.

"ఇగ రోజూ నువ్వే చెయ్యి బేటా," అంది ఆంటీ.

"నేను పరీక్ష రాయనీకి వచ్చిన ఆంటీ. రొట్టెలు కొట్టుకుంట కూసుంటే సిలబస్ ఎవరు చదువుతరు?"

ఆంటీ చిన్నబుచ్చుకుంది. మళ్లీ కొర్రలు దిగాయి. ఈసారి ఎవరం ప్లేటు ముట్టలేదు. గొడవా చేయలేదు. పుస్తకాలు తెచ్చుకుని భోజనాల బల్లల దగ్గరే చదువుకుంటూ కూర్చున్నాం. ఆంటీ కాసేపు మమ్మల్ని, కాసేపు గిన్నెను చూసింది. తనూ తినలేకపోయింది. చివరికి వంటామెను పిలిచి, "బియ్యం కడుగు," అంది.

అన్నం తిరిగొచ్చింది గానీ ఫ్లెక్సీ పోలేదు. కూతురికి హాస్టల్ వెతుకుతూ గద్వాల నుంచి వచ్చిన ఒక రైతు, అది చూసే పిల్లతో మా గేటు దగ్గర ఆగాడు. బోర్డు చివరిదాకా చదివి సంచి కింద పెట్టాడు.

"ఇంటి తిండే ఉన్నది బిడ్డా. ఇగ ఫికర్ లేదు."

ఆయన వెళ్లాక ఆ పిల్ల కంచంలో తెల్లన్నం, నీళ్ల పప్పు పడ్డాయి. కంచం వైపు, మా వైపు చూసింది. నా రూమ్మేట్ పక్కకు జరిగి అడిగింది.

"రొట్టె కొట్ట వస్తదా?"

"వస్తది అక్కా."

"ఆదివారం దాక ఓపిక పట్టు. నువ్వు కొట్టు, నేను కాలుస్త."

ఆ ఆదివారం అందరికన్నా ముందు కంచం పట్టుకుని వచ్చి కూర్చున్నది ఆంటీయే.