గోడ మీద గీత పడని వాన

మా ఎదురింటి టీచరక్క ఇక లేదు. పోయిన ఆదివారం పొద్దున టీ తాగి, "జర సేపు ఒరుగుత" అని కోడలితో చెప్పి మంచమెక్కిన మనిషి మళ్లీ లేవలేదు. కబురు తెలియగానే వీధి వీధంతా వాళ్ల గుమ్మం ముందు చేరింది. అక్కడ ఏడుపుకంటే ఎక్కువగా వినిపించింది ఆమె గెలుపు గురించిన మాటలే. నాకూ అదే గుర్తొస్తోంది. ఆమెను ఎరగని మీకు ఆ గెలుపు సంగతి చెప్పాలనిపించి రాస్తున్నాను.

నిరుడు ఇద్దరు ఆడపిల్లలు సర్వే చేస్తున్నామంటూ మా కాలనీకి వచ్చారు. మన దేశంలో నగరాలు ముదురుతున్న ఎండలకూ, విరుచుకుపడే వానలకూ ఎంతవరకు తట్టుకోగలవో కొలవడం వాళ్ల పని. రోడ్లు, కరెంటు, చెత్తబండి, అన్నీ అడిగారు. అక్క ఓపికగా జవాబులు చెప్పి, ఆఖర్న తనే ఒకటి అడిగింది.

"అంత మంచిగనే అడిగిండ్రు బిడ్డా. వానొస్తే నీళ్లు ఎటు పోతయో అడగలేదేంది?"

"ఎటు పోతాయి మేడమ్?"

"చెప్పుడెందుకు, చూపిస్త పాండ్రి" అంటూ కర్ర అందుకుని లేచింది.

చూపించింది మా వీధి పక్కనే పారే కాలువను. ఇళ్లు ఇంత ఇరుగ్గా ఉన్న చోట ఆ కాలువ అంత వెడల్పున ఎలా మిగిలిందని ఆ పిల్లలు ఆశ్చర్యపోయారు. "ఇది మా మొదటి ప్రశ్న కావాలి మేడమ్" అంది వాళ్లలో పెద్దమ్మాయి. అక్క పసిపిల్లలా మురిసిపోయింది.

ఆ కాలువ మిగలడం వెనక ఉన్నది ఎనభైల నాటి కథ. అప్పుడు నేను పెళ్లై గుంటూరు నుంచి కొత్తగా వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వస్తుంటే ఇంకా ద్రాక్షతోటలు, జొన్నచేలు కనిపించేవి. పండక్కి పుట్టింటికి వెళ్లొచ్చేసరికి చేలు పోయి హద్దురాళ్లు, హద్దురాళ్లు పోయి పునాదులు వచ్చేవి. మా కాలనీ లేచింది అక్క తాతల పొలంలోనే. ఆమె సర్కారు బడిలో సోషల్ చెప్పేది.

ఆమె పాఠం ఎప్పుడూ పుస్తకంలో ఆగేది కాదు. ఎండాకాలం ఏ బావిలో నీళ్లున్నాయి? ముసలమ్మ బస్సు దిగి ఇల్లు చేరేదాకా దారిలో నీడ ఉందా? చూసి రమ్మని పిల్లల్ని పంపేది. "దేశం ముందటికి పోయిందా లేదా చూసేతందుకు ఢిల్లీ దాక పోవుడెందుకు? గల్లీల నిలబడి చూడు, తెలుస్తది" అనేది. వాన మొదలైతే అందరం లోపలికి పరుగెత్తేవాళ్లం. ఆమె బయటికి వచ్చేది. "ఎక్కడికక్కా?" అంటే, "యాడికో కాదు చెల్లె, నీళ్లెంబడి" అనేది. తడిసి తిరిగొచ్చి మొక్కజొన్న రుబ్బి వేడివేడి మక్కగారెలు వేసి, మాకూ ఒక పళ్లెం పంపేది.

మాకు ఎగువన ఒక కుంట ఉంది. అది నిండి పొంగితే ఆ నీళ్లు ఈ కాలువలో పడి మూసీ వైపు పోవాలి. కాలువ నడిచేది అక్క అన్నగారి భూమిలోంచి. ప్లాట్లు చేయడానికి ఆయన దాన్ని మట్టితో పూడ్పించాడు. ఆ వానాకాలమే నీళ్లు మా ఇళ్లలోకి వచ్చాయి. నా పాప చీర ఉయ్యాలలో నిద్రపోతుంటే దాని కింద బురదనీళ్లు సుళ్లు తిరిగాయి. అందరూ వానను తిట్టారు.

"వాన తప్పేముంది? తోవ మూసింది మనమే" అంది అక్క. నేరుగా అన్న ఇంటికి పోయింది. నేనూ వెంట వెళ్లాను.

"అన్నా, కాలువ తెరువు."

"నా భూమి, నా ఇష్టం. ఆడబిడ్డవు, వచ్చినవు, అన్నం తిని పో. గీ పంచాయితీ నీకెందుకు?"

"తింట. కాలువ తెరిచినంక తింట" అని ఆమె గడప దాటింది. అంత గట్టి మనిషి కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు.

మర్నాడు గిన్నెలో జాజు కలుపుకుని వచ్చింది. గడపలకు, అరుగులకు పూసే ఎర్రమన్ను అది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు చెప్పింది: "వాన పడ్డప్పుడల్లా నీళ్లు ఎంతెత్తు వచ్చినయో గోడ మీద గీత గీయుండ్రి. మాటలైతే మర్చిపోతరు. గీత మర్చిపోనియ్యది." వాన వెనక వాన పడింది. గీత మీద గీత లేచింది. కాలనీ గోడలన్నీ ఎర్ర గీతలతో నిండిపోయాయి.

రాఖీ పున్నమి వచ్చింది. అంత కోపంలోనూ అక్క పళ్లెం పట్టుకుని వెళ్లి అన్నకు రాఖీ కట్టింది. ఏం కావాలని ఆయన అడిగితే, "చీర వద్దు, సారె వద్దు. నాతోని మా గల్లీ దాక నడువు" అంది. రాఖీ కట్టించుకున్న చేతితో ఎట్లా కాదంటాడు? నడిచాడు. ఒక్కో గోడ దగ్గర ఆగి చూశాడు. మా ఇంటికొచ్చేసరికి గీత ఉయ్యాల అడుగు దాకా ఉంది.

"గీ ఉయ్యాల ఎవలది?"

"మా పాపదండీ" అన్నాను.

ఆయన వంగి ఆ గీత మీద చెయ్యి వేశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "రేపు మట్టి తీపిస్త. ఇగనన్న అన్నం తింటవా?" అన్నాడు. అక్క నవ్వుతూనే ఏడ్చేసింది.

కాలనీ మొత్తం కదిలింది. పోచంపల్లి నుంచి వచ్చి స్థిరపడిన మగ్గం కుటుంబాలు, మా కోస్తా వాళ్లు, పాత ఊరి రైతులు, అందరం తట్టలు మోశాం. కాలువ మునుపటికంటే వెడల్పైంది. దాని గట్టున అక్క కానుగ మొక్కలు నాటించింది. ఆ తర్వాత ఎండాకాలాల్లో పక్క కాలనీలు ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తుంటే కాలువ నీళ్లు ఇంకిన మా బావులు ఎండలేదు. నా పాప పెరిగి పెద్దదై ఆ కానుగల నీడలోనే బస్టాపుకు నడిచింది. ఇవన్నీ ఆమె మాకు ఇచ్చిపోయినవి.

కానీ అక్క అనగానే నా కళ్ల ముందు నిలిచేది, కాలువ తెరిచాక పడ్డ మొదటి పెద్ద వాన. మూసారాంబాగ్ వంతెన మునిగి బస్సులు ఆగిపోయాయన్నారు. మేం గుమ్మాల్లో నిలబడ్డాం. కుంట పొంగింది. నీళ్లు హోరుమంటూ వచ్చి, కాలువలో పడి, మమ్మల్ని దాటి వెళ్లిపోయాయి. పక్కింటి పద్మశాలి వదిన జాజు గిన్నె పైకెత్తి, "నీళ్లు గోడ దాక రానే రాలేదు, గీత యాడ గీయాలె అక్కా!" అని కేక వేసింది. వీధంతా ఈలలు, చప్పట్లు. అక్క పరుగున వెళ్లి కాలువ గట్టెక్కింది. వెనకే అన్న వచ్చి ఆమె తల మీద గొడుగు పట్టాడు.

"గొడుగు జరుపన్నా, వాన పడనియ్యి!"

ఆయన గొడుగు మడిచేశాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ముద్దగా తడుస్తూ, పగలబడి నవ్వుతూ గట్టు మీద నిలబడి ఉన్నారు. కింద ఎర్రనీళ్లు మూసీ వైపు పరుగెత్తుతున్నాయి.