కోచ్ కోసం వాకబు

మొదటి జీతం, మొదటి చలికోటు, మొదటి క్రెడిట్ కార్డు ఒక్కసారే చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఎవరేం మాట్లాడుకుంటున్నా మధ్యలో దూరిపోయి ఒక అభిప్రాయం పారేసేదాన్ని. అలాంటి నన్ను కిమ్మనకుండా కూర్చోబెట్టింది ఒక్కటే, కాలేజీ ఫుట్‌బాల్. నేను ఉద్యోగానికి దిగింది అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ ఊళ్ళో. యూనివర్సిటీ ప్రెసిడెంటు పేరు అక్కడ సగం మందికి తెలియదు గానీ, ఫుట్‌బాల్ కోచ్ ఏ షాపులో పాలు కొంటాడో, అవి వెన్న తీసినవో తియ్యనివో చంటిపిల్లలక్కూడా తెలుసు. శనివారం మ్యాచ్ పోయిందంటే సోమవారం మా ఆఫీసులో ఒకరికొకరు గుడ్ మార్నింగ్ కూడా చెప్పుకునేవాళ్ళు కాదు. (నేను చెప్పేదాన్ని. అందరూ నన్ను చావింట్లో నవ్విన మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు.)

నేను అద్దెకున్నది డాక్టర్ అంకుల్ ఇంట్లో, మేడమీది గదిలో. తెనాలి నుంచి ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, ఆ ఊరి ఆస్పత్రిలోనే గుండె డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆపరేషన్ థియేటర్లో గొంతు పెంచి ఎరగడట గానీ, స్టేడియంలో మాత్రం ఆయన కేకలకి ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆయన పక్క సీటు టోపీ మావయ్యది. (అమెరికన్ ఆయన. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. టీము టోపీ నెత్తిమీంచి తియ్యగా నేను చూళ్ళేదు కాబట్టి అది నేను పెట్టిన పేరు.) ముప్పై ఏళ్ళ స్నేహం వాళ్ళది. అంకుల్‌కి ఆట నేర్పింది ఆయన, ఆయనకి ఆవకాయ నేర్పింది అంకుల్. టోపీ మావయ్య భార్య పోయాక, ప్రతి ఆదివారం పొద్దున్న మా ఆంటీ వేసే పెసరట్లకి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. పిల్లలు ఎక్కడో దూరాన ఉన్న ఆ మనిషికి ఆ వారానికి అదే పండగ.

ఆ ఏడు మా టీము వరసపెట్టి ఓడి, కోచ్ ఉద్యోగం ఊడింది. తరవాతి కోచ్ ఎవరన్నది ఊరంతటికీ పట్టుకుంది. ఆదివారం పెసరట్ల దగ్గర టోపీ మావయ్య ఒక పెద్ద పేరున్న కోచ్‌ని తెమ్మన్నాడు. బీరువా నిండా ట్రోఫీలున్నాయిట. అంకుల్ ఏమో పక్క రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీ కోచ్‌ని పట్టుకున్నాడు. అందరూ వద్దన్న కుర్రాళ్ళని తీసుకుని గెలిపిస్తున్నాడని.

"నీవాడు అద్దెకొంపలు మారినట్టు కాలేజీలు మారుస్తాడు!" అన్నాడు అంకుల్.

"నీవాడి స్టేడియంలో మనుషులకంటే ఆవులెక్కువ!" అన్నాడు టోపీ మావయ్య. (ఇంగ్లీషులోనే అన్నాడు. తెలుగులో ఇంకా బావుంటుందని మార్చాను.)

ఇద్దరికిద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. చివరికి టోపీ మావయ్య, "ఈ ఆట నీకు నేర్పిందే నేను, మర్చిపోకు" అన్నాడు. అంకుల్ ఊరుకోవచ్చుగా? "అందుకే ఇన్నేళ్ళూ తప్పులు నేర్చుకున్నాను" అనేశాడు. టోపీ మావయ్య సగం తిన్న పెసరట్టు వదిలేసి, ఆంటీకి మర్యాదగా థాంక్స్ చెప్పి, అంకుల్ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నా ప్రాణం ఉసూరుమంది.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అంకుల్ పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ వేసుకునేవాడు. "ఎవరికోసం?" అని ఆంటీ అడిగితే "మంచు పడుతుందేమో చూస్తున్నా" అనేవాడు. పెసరట్టు రెండు ముక్కలు తిని లేచిపోయేవాడు. వచ్చే సీజన్లో ఆ పక్కపక్క సీట్లలో వీళ్ళిద్దరూ మళ్ళీ కూర్చుంటారా లేదా అన్నదే మా ఇంట్లో ప్రశ్న. కోచ్ ఎవరొస్తే నాకేం?

ఆంటీ నడుం బిగించింది. "ఒక మనిషి ఎలాంటివాడో తెలియాలంటే టీవీ చూస్తారా ఎవరైనా? వాళ్ళ వీధిలో అడగాలి. మా అక్క సంబంధానికి మా నాన్న పెళ్ళికొడుకుతో మాట్లాడనే లేదు, వాళ్ళింట్లో పాలుపోసే ఆయనతో మాట్లాడి వచ్చాడు. ఈ చిన్నూరి కోచ్ గురించి మనం వాకబు చేద్దాం. మంచివాడైతే టోపీ ఆయనకి నేనే చెప్తా. కాకపోతే మీ అంకుల్ పంతం నేనే వదిలిస్తా" అంది. అమెరికాలో ఎంత మారుమూల ఊరైనా ఒక గ్యాస్ స్టేషను, ఒక చర్చి, ఒక తెలుగు డాక్టరు ఉంటారు కదా. నాలుగు ఫోన్లు తిప్పేసరికి ఆ ఊళ్ళో నిజామాబాద్ డెంటిస్టు ఒకాయన తేలాడు. ఆయన భార్యా, కోచ్ భార్యా ఒకే యోగా క్లాసు. "నువ్వు మాట్లాడవే అమ్మాయ్, ఈ వయసులో నేను ఫుట్‌బాల్ కోచ్ గురించి అడిగితే నవ్విపోతారు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

నేను మహా తెలివిగలదాన్ని కదా! నమస్కారం పెట్టి, కోచ్ పేరొక్కటి చెప్పి, నేరుగా విషయంలోకి దిగాను. "ఆయన మనిషెలాంటివాడండీ? కోపమెక్కువా? తాగుడు లాంటివేమైనా ఉన్నాయా? ఒకచోట నిలకడగా ఉంటాడంటారా? మావాళ్ళు చాలా ఇష్టపడుతున్నారు." ఆయన్ని మా టీముకి కోచ్‌గా అడుగుతున్నామని చెప్పాలని నాకు తట్టనే లేదు.

డెంటిస్టుగారి భార్య గొంతు తగ్గించి, "నీ వయసెంతమ్మా?" అంది. చెప్పాను. "ఏం పిల్లవమ్మా నువ్వు! ఆయనకు పెండ్లయింది. ముగ్గురు పిల్లలున్నరు. ఆమె నా దోస్తు! మీ ఇంట్ల పెద్దోళ్ళెవరన్న ఉంటే ఫోనియ్యి ముందు!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ ఫోన్ లాక్కుని సంగతంతా చెప్పేసరికి అటువైపు నవ్వు ఆగలేదు. స్పీకర్‌లో పెడితే ఇల్లంతా వినిపించింది. నవ్వు సర్దుకున్నాక ఆవిడ చెప్పింది. "మనిషి బంగారం అక్కా. వాళ్ళమ్మకు ఒంట్ల బాగలేదు. రోజూ ప్రాక్టీసు కాంగనే పోయి ఆమెకు తినిపించి, అప్పుడు ఇంటికొస్తడు. అందుకే ఎక్కడికీ పోతలేడు. ఇంకా బయట చెప్పలే, మీరు కూడ ఎవ్వరికీ చెప్పకుండ్రి."

అంకుల్ తలుపు దగ్గర నించుని అంతా విన్నాడు. పెళ్ళికొడుకు బంగారం, కానీ సంబంధం కుదరదు! ఆయన మొహం వాడిపోతుందనుకున్నాను. "చూశారా, నేనెంచినవాడు ఎలాంటివాడో!" అని ముందు పొంగిపోయాడు. తరవాత చలికోటు తగిలించుకుని, "అమ్మాయ్, కారు తియ్యి. వాడింటికెళ్దాం" అన్నాడు. (కంటి ఆపరేషన్ అయి ఆయన డ్రైవ్ చెయ్యకూడదు.) ఆంటీ గబగబా పెసరట్లు డబ్బాలో సర్ది వెనక సీట్లో కూర్చుంది.

టోపీ మావయ్య తలుపు తీశాడు. అంకుల్ నోరు తెరవకముందే, నేల చూపులు చూస్తూ, "ఆలోచించాను. నువ్వు చెప్పిందే రైటు. నీవాడినే తేవాలి" అన్నాడు. ఆ మాట ఆయన నమ్మట్లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. రెండు రెళ్ళు అయిదని ఒప్పుకుంటున్న లెక్కల మాస్టారిలా ఉన్నాడు. అంకుల్ తల అడ్డంగా ఊపి, "కాదు. నీవాడే కరెక్టు" అన్నాడు.

"ట్రోఫీలదేముంది? నిలకడ ముఖ్యమని నువ్వేగా అన్నావు!" అన్నాడు టోపీ మావయ్య.

"నిలకడ కొరుక్కు తింటామా? గెలవద్దూ!"

గుమ్మంలోనే మొదలైంది. చలిగాలి ఇంట్లోకి కొడుతున్నా పట్టించుకోకుండా, ఎదుటివాడి కోచ్ కోసం ఇద్దరూ చేతులూపుతూ అరుచుకుంటున్నారు. నేను విడదీయబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "అరుచుకోనీవే. ఇన్నాళ్ళకి మీ అంకుల్‌కి ఆకలేస్తుంది" అంది. నిజంగానే, ఆ పూట ఇద్దరూ కలిసి డబ్బా ఖాళీ చేశారు.

కొద్ది రోజులకి ఆ చిన్నూరి కోచ్ తనెక్కడికీ రావట్లేదని ప్రకటించాడు. టోపీ మావయ్య వెంటనే ఫోన్ చేశాడు, మా అంకుల్ మనసు విరిగిపోతుందని. "అలాగా! నేను నమ్మలేకపోతున్నాను!" అన్నాడు అంకుల్, మా స్కూలు నాటకంలో ధర్మరాజు వేషగాడికన్నా అన్యాయంగా నటిస్తూ. ఆంటీ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. చివరికి కోచ్‌గా వచ్చింది వీళ్ళిద్దరూ పేరైనా ఎత్తని మూడో మనిషి. "నేను ముందే అన్నాను" అని ఇద్దరూ ఊరంతా చెప్పుకున్నారు. మరుసటి సీజన్లో, చలి మొదలయ్యాక, ఒక మ్యాచ్‌కి నన్నూ తీసుకెళ్ళారు. మేం చిత్తుగా ఓడిపోయాం. వాళ్ళిద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కొత్త కోచ్‌ని తిట్టుకుంటుంటే, అంత గొప్ప మనుషుల్ని నేను అంతకుముందెప్పుడూ చూళ్ళేదనిపించింది.

ఇప్పుడు నేనుండేది కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో. మొన్న పక్కూరు డబ్లిన్ వెళ్తూ, హైవే మీద ఏ ఎగ్జిట్ తీసుకోవాలా అని మా ఆయనతో వాదం పెట్టుకున్నాను. నేనే గెలిచాను (ఎప్పుడూ నేనే). గెలిచాక తిరిగి ఇల్లు చేరేదాకా కారులో ఒక్కళ్ళమూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, టోపీ మావయ్య మంత్రం ఒకసారి వేసి చూద్దామని, "పోనీలే, నువ్వన్న ఎగ్జిట్టే రైటేమో" అన్నాను. ఆయన కంగారుగా వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.